మందు కొట్టని చేను

ఆ ఏడు మా ఊళ్లో పురుగుకు కాపలా పెట్టారు. పంటకు కాపలా పెట్టడం మాకు తెలుసు. అడవి పందులకు, కోతులకు భయపడి మంచెలు వేసుకుని కూర్చున్నవాళ్లమే. కాని పురుగును ఎవరైనా ఏమైనా చేస్తారేమోనని నెలజీతం మీద మనిషిని పెట్టడం మాత్రం అప్పుడే చూశాం. చదువుకున్నవాళ్లు ఆలోచించే తీరే వేరు.

పత్తిని తొలిచే పురుగుల కోసం ఒక కొత్త మందు తయారైందట. దానికింకా పేరు పెట్టలేదు. పందొమ్మిదో నంబరు మందు అనేవాళ్లు. అది పురుగును చంపుతుందో లేదో రైతు చేనులోనే చూసి చెప్పమని పరిశోధన కేంద్రానికి పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ కేంద్రంలో ప్రధాన శాస్త్రవేత్త డాక్టర్ వైకుంఠం గారు. పత్తి మీద ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా ఆయన బూట్లకు నల్లమట్టి అంటిన గుర్తు ఉండేది కాదు. ఆయన మా పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీ వేయించుకుని మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

"రెండు చేన్లు కావాలి. పక్కపక్కనే ఉండాలి. ఒకే విత్తనం, ఒకే రోజు విత్తి ఉండాలి. ఒకదానికి మందు కొడతాం. రెండోదానిలో పురుగు జోలికి ఎవరూ పోరాదు. మందు కొట్టని చేను ఎంత పాడైతే మందు అంత గొప్పదని రుజువవుతుంది."

"పాడయ్యే చేను ఎవలది సారూ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"అది నేను నిర్ణయించను. శాస్త్రం నిర్ణయిస్తుంది. చీటీలు వేస్తాం."

ముందుకు వచ్చినవాళ్లు ఇద్దరు. బాట పక్క చేను సమ్మయ్యది. గెట్టు దాటితే ఆ వెనక ఎకరన్నర ఓదెమ్మది. మందు తన చేనుకే వస్తుందని ఇద్దరికీ నమ్మకం. ఓదెమ్మకు ఆ ఎకరన్నర తప్ప వేరే భూమి లేదు, ఆ పత్తి తప్ప వేరే పంట లేదు. అంతకు ముందు రెండేళ్లు పంట పోయి పట్నం దగ్గర ఇటుక బట్టీలో పనిచేసి వచ్చింది. ఆ పొగకు పట్టిన దగ్గు ఇంకా పోలేదు. ఈసారి పత్తి చేతికొస్తే ఊళ్లో ఉంటుంది. లేకపోతే మళ్లీ బట్టీయే.

రెండు పేర్లు రాసి స్టీలు గ్లాసులో వేశారు. మొదటి చీటీ తీస్తే మందు ఓదెమ్మకు వచ్చింది. డాక్టరు గారు బాట వైపు చూశారు, గెట్టు వైపు చూశారు. రేపు పెద్ద అధికారులు కార్లలో వస్తే గెలిచిన చేను కారు దిగకుండానే కనిపించాలి కదా. చీటీ సరిగా మడవలేదన్నారు. రెండోసారి తీస్తే మళ్లీ ఓదెమ్మకే వచ్చింది. గ్లాసు సరిగా ఊపలేదన్నారు. మూడోసారి సమ్మయ్య పేరు వచ్చింది. ఎంపిక పూర్తిగా నిష్పక్షపాతంగా జరిగిందని డాక్టరు గారు పుస్తకంలో రాసుకున్నారు.

సమ్మయ్య చేనులో 'మందు కొట్టిన చేను' అని ఆకుపచ్చ బోర్డు, ఓదెమ్మ చేనులో 'మందు కొట్టని చేను' అని ఎర్ర బోర్డు పాతారు.

"నారాజు గాకు వదినె" అన్నాడు సమ్మయ్య. "నా దిక్కుకెల్లి గాలి మల్లితే రెండు సుక్కలు నీ దిక్కు పడతయి."

"నీ సుక్కలు నువ్వే ఉంచుకో మరిదీ" అంది ఓదెమ్మ.

చేను గూడ కట్టే, అంటే మొగ్గ తొడిగే రోజులకు పురుగు రానే వచ్చింది. కేంద్రం మనిషి రాజలింగం, మా పక్క ఊరి వాడే, వీపుకు పంపు తగిలించుకుని సమ్మయ్య చేనులో మందు కొట్టేవాడు. వారానికోసారి రెండు చేన్లలోనూ ఇరవై మొక్కలు చూసి పురుగులు లెక్కపెట్టేవాడు. మొదటి వారం ఓదెమ్మ చేనులో అరవై మూడు. రెండో వారం పదకొండు.

డాక్టరు గారు ఆ కాగితం చూసి ఉలిక్కిపడ్డారు. మందు కొట్టని చేనులో పురుగు తగ్గడమా? ఆ సాయంత్రమే జీపు వచ్చింది. విచారణలో తేలిందేమంటే, ఓదెమ్మ రోజూ పొద్దున్నే డబ్బా పట్టుకుని సాలుసాలుకూ తిరిగి పురుగులు ఏరి ఇంటికి తీసుకుపోయి కోళ్లకు వేస్తోంది.

"ఏమమ్మా, ఇది ప్రయోగంలో జోక్యం చేసుకోవడం అని నీకు తెలుసా?" అన్నారు డాక్టరు గారు.

"గదేమో నాకు దెల్వదు సారూ. పురుగు కండ్ల ముంగట గూడ తినవట్టె. తీసి పారేసిన."

"తీయరాదు. మందు కొట్టకపోతే ఏమవుతుందో మేము చూడాలి. నువ్వు తీసేస్తే మేమేం చూస్తాం?"

"మరి నేనేం జెయ్యాలె? కూసోని సూసుకుంట ఉండాల్నా?"

డాక్టరు గారు ఫైలు తిరగేశారు. "చూడవచ్చు. చూడటానికి నిబంధనల్లో అభ్యంతరం లేదు."

ఆ తర్వాత ఆయన రాజలింగం వైపు తిరిగి, "తగ్గిన యాభై రెండు పురుగులూ ఎక్కడున్నాయి?" అని అడిగారు.

"కోళ్ల కడుపుల ఉన్నయి సార్."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఓదెమ్మ కోళ్లను పంట కాలం ముగిసేదాకా గంప కింద ఉంచాలి. తగ్గిన పురుగులను వెంటనే భర్తీ చేయాలి. ఈ సంగతి ఊళ్లో తెలిసి సగం మంది రైతులు తమ చేన్లలో పురుగులు ఏరి సద్ది గిన్నెల్లో పట్టుకొచ్చారు. ఎన్ని కావాలంటే అన్ని ఇస్తామన్నారు. డాక్టరు గారు ఒప్పుకోలేదు. వేరే చేనులో పెరిగిన పురుగు అలవాట్లు వేరుగా ఉంటాయట. కేంద్రం గాజు సీసాల్లో పెంచిన యాభై రెండు పురుగులు జీపులో దిగాయి. రాజలింగం ఒక్కొక్కదాన్నీ చిమటాతో పట్టి ఓదెమ్మ ఎదుటే ఆమె గూడల మీద వదిలాడు.

"మెల్లగ రాజలింగం" అంది ఓదెమ్మ. "కాలిరిగితే మళ్ల జీపు రావాలె."

ఆ తర్వాత గోరింకలు దిగాయి. అంతకు ముందు ఏడు ఈ కేంద్రం వాళ్లే మా చేన్లన్నింటిలో కర్రలు పాతించి వెళ్లారు. పక్షులు వాటి మీద వాలి పురుగులు తింటాయని సభ పెట్టి చెప్పారు. ఇప్పుడు ఓదెమ్మ చేనులో కర్రలు పీకించారు. అయినా గోరింకలు నేల మీద దిగి తినసాగాయి. దాంతో రాజలింగానికి ఒక రేకు డబ్బా, ఒక కట్టె ఇచ్చి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పిట్టల్ని తోలమన్నారు. అలా మా ఊళ్లో పురుగుకు కాపలా వచ్చింది.

రాజలింగం డబ్బా కొడుతుంటే బాట మీద పోయే ఆడవాళ్లు ఆగేవాళ్లు.

"ఏం కాస్తున్నవ్ రాజలింగం?"

"పురుగు కాస్తున్న అక్కా."

"పురుగు బాగున్నదా? తింటున్నదా?"

"తింటున్నది. మొన్నటి సంది కొద్దిగ సిక్కినట్టున్నది."

చిక్కిన మాట నిజమే. వారం వారం ఓదెమ్మ చేనులో లెక్క మళ్లీ పడిపోతూ వచ్చింది. నలభై, ఇరవై ఆరు, తొమ్మిది. అవతల సమ్మయ్య చేనులో ఆరుసార్లు మందు పడింది. అక్కడ ముప్పై, డెబ్బై, నూట నలభై. మందు పని చేయలేదనడానికి వీల్లేదు. సమ్మయ్య చేనులో సాలెపురుగులు చచ్చాయి, అక్షింతల పురుగులు చచ్చాయి, కందిరీగలు చచ్చాయి, ఒడ్డున రెండు కప్పలు కూడా చచ్చాయి. అసలు పురుగు ఒక్కటే చావలేదు. తనను తినేవాళ్లంతా పోయారు కనుక కొంచెం ఒళ్లు కూడా చేసింది.

డాక్టరు గారు భూతద్దం పట్టుకుని ఓదెమ్మ చేనులో అరగంట తిరిగారు. గడ్డి గింజంత కందిరీగలు పురుగుల వీపుల మీద వాలి గుడ్లు పెడుతున్నాయి. ఆ గుడ్లలోంచి వచ్చేవి పురుగునే తినేస్తాయి. ఆకు ఆకుకూ సాలీడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"వీటిని ఎవరు అనుమతించారు?"

"ఎవ్వలు పిలువలే సార్" అన్నాడు రాజలింగం. "వాటంతట అవే వచ్చినయి."

"డబ్బా కొట్టు."

రాజలింగం కొట్టాడు. కందిరీగలు కదల్లేదు.

"వీటిని తొలగించే మార్గం లేదా?"

రాజలింగం తల గోక్కున్నాడు. "మన మందు కొడితే పోతయి సార్. సమ్మయ్య చేన్ల గట్లనే పోయినయి. కని ఇది మందు కొట్టని చేనాయె."

డాక్టరు గారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఓదెమ్మను పిలిపించారు.

"నువ్వేం చేస్తున్నావు ఈ చేనుకు?"

"మీరు చెప్పిందే సారూ. సూస్తున్న."

"ఎంతసేపు చూస్తున్నావు?"

"పొద్దుగాల జరసేపు, మాపటికి జరసేపు."

ఆ వారం నుంచి ఓదెమ్మ తన చేనును చూడటం కూడా నిషేధించారు. ప్రయోగం మీద దాని ప్రభావం ఎంతన్నది ఇంకా తేలలేదు కాబట్టి ముందు జాగ్రత్తగా అన్నారు. ఆమె గెట్టుకు వీపు పెట్టి సమ్మయ్య చేను వైపు తిరిగి కూర్చునేది. ఆ చేను చూస్తే ఎవరికైనా ఏడుపొచ్చేది. ఆమె వెనక మాత్రం పత్తి కాయలు పగిలి తెల్లగా విచ్చుకుంటున్నాయి.

ఇంతలో అధికారుల బృందం వస్తుందని కబురు. కేంద్రంలో పెద్ద ఆందోళన. ఎందుకంటే నివేదిక అప్పటికే అచ్చయిపోయింది. ఏటా నివేదికల పుస్తకం ఫలానా తేదీకల్లా రావాలి, పత్తి మాత్రం తన ఇష్టం వచ్చినప్పుడు పగులుతుంది. అందుకని ఫలితాలు ముందే రాసి ఉంచడం అక్కడి పద్ధతి. పందొమ్మిదో నంబరు మందు కొట్టిన చేనులో పురుగు నూటికి తొంభై రెండు పాళ్లు తగ్గిందని నున్నటి కాగితం మీద రంగుల గీతలతో సహా పడింది.

డాక్టరు గారు రెండు చేన్ల మధ్య గెట్టు మీద నిలబడ్డారు. అటు చూశారు, ఇటు చూశారు. "నివేదికలో తప్పు లేదు" అన్నారు చివరకు. "చేన్లే తారుమారయ్యాయి."

"ఎట్ల సార్?" అన్నాడు రాజలింగం. "మందు నేనే కొట్టిన గద."

"నువ్వు కొట్టావు. ఎంపిక సవ్యంగా జరిగిందా లేదా అన్నదే ఇప్పుడు నా సందేహం. శాస్త్రంలో సందేహం వస్తే మళ్లీ చూడాలి."

స్టీలు గ్లాసు తెప్పించి నాలుగోసారి చీటీ తీశారు. ఈసారి మొదటి ప్రయత్నంలోనే ఓదెమ్మ పేరు వచ్చింది. గ్లాసులో రెండు చీటీలూ ఆమె పేరుతోనే ఉన్నాయని రాజలింగం తర్వాత చెప్పాడు. ఆకుపచ్చ బోర్డు గెట్టు దాటి ఓదెమ్మ చేనులోకి వెళ్లింది. ఎర్ర బోర్డు సమ్మయ్యకు వచ్చింది. ఆరుసార్లు మందు తాగిన చేను మందు కొట్టని చేనయింది.

అధికారుల బృందం మూడు కార్లలో దిగింది. గెట్టు దాటించడానికి వాళ్ల కాళ్ల కింద జంపఖానాలు పరిచారు. ఆ బృందం అధ్యక్షులు ఓదెమ్మ పత్తిని చేత్తో తడిమి చూసి పొంగిపోయారు.

"అద్భుతం. ఆ పక్క చేనుకూ దీనికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఏమ్మా, మందు ఎలా పనిచేసింది?"

"మందు సంగతి నాకెర్క లేదు సారూ" అంది ఓదెమ్మ. "నా చేన్ల ఒక్క సుక్క పడలె."

అధ్యక్షులు డాక్టరు గారి వైపు చూశారు.

"ఒక్క చుక్క కూడా వృథాగా నేల మీద పడలేదంటోంది సార్" అన్నారు డాక్టరు గారు.

"భేష్" అన్నారు అధ్యక్షులు. అది కూడా రాసుకున్నారు.

ఆ వారం ఓదెమ్మ ఎదురుపడిన వాళ్లందరితో నవ్వుతూ మాట్లాడింది. ఇప్పుడు తన చేను తను చూసుకోవచ్చు. కూలీలను మాట్లాడుకుంది, గోనె సంచులు ఉతికి ఆరేసింది. బట్టీకి పోయే గుంపు మేస్త్రి వచ్చి అడిగితే ఈ ఏడు రానని చెప్పేసింది.

నాలుగో రోజు రాజలింగం కాగితం పట్టుకుని వచ్చాడు. ఎంతకీ చదవడే.

"ఏముందిర అండ్ల?"

"నన్ను తిట్టకు అక్కా. ఇంకా మంజూరు గాని మందు కొట్టిన చేన్ల పండిన పంట బయటకు పోవద్దట. మనుషులకు, పశువులకు హాని అయితదట. ఎక్కడిదక్కడ కాలవెట్టాలెనట. వచ్చే బుధవారం మొన్న కార్ల వచ్చిన పెద్దసారే వస్తడట, ముంగటుండి కాలవెట్టిపిస్తడట."

"మంచిదే గద. సమ్మయ్యకు చెప్పు."

"సమ్మయ్యది కాదక్కా. బోర్డు నీ చేన్ల ఉన్నది."

ఓదెమ్మ ఆరేసిన సంచులు తీసి లోపల పెట్టింది. తర్వాత చెప్పులు వేసుకుని బస్సెక్కి కేంద్రానికి వెళ్లింది.

డాక్టరు గారు ఆమెను కూర్చోమన్నారు. మంచినీళ్లు కూడా ఇప్పించారు.

"సారూ, నా చేన్ల మందు కొట్టలేదని మీకు ఎర్కనే గద."

"నాకు తెలుసమ్మా. కాని నాకు తెలిసింది నివేదికలో లేదు. నివేదికలో ఉన్నదాని మీదే ప్రభుత్వం నడుస్తుంది."

"పరీక్ష చెయ్యిండ్రి మరి. పత్తిల మందు ఉన్నదో లేదో తేలుతది."

అది న్యాయమైన మాటే అన్నారు డాక్టరు గారు. గుప్పెడు పత్తి పరీక్షకు పంపారు. రెండు రోజుల్లో జవాబొచ్చింది: మందు ఆనవాలు ఏమాత్రం లేదు. ఓదెమ్మ ఊపిరి పీల్చుకుంది. డాక్టరు గారు అంతకంటే సంతోషించారు. ఆరుసార్లు కొట్టినా ఆనవాలు మిగలని మందు ప్రపంచంలో ఇదొక్కటేనని నివేదికకు ఒక పేజీ అదనంగా అచ్చు వేయించారు.

"అయితే ఇగ కాలవెట్టరు గద సారూ?"

"నిబంధన ఆనవాలు గురించి కాదమ్మా, కొట్టడం గురించి. కొట్టిన చేను పంట తగలబెట్టాలి, అంతే."

"సమ్మయ్య పత్తి?"

"అది మందు కొట్టని చేను. నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు."

ఓదెమ్మ ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగించలేదని పక్కింటివాళ్లు చెప్పారు. పొద్దున లేచి నేరుగా సమ్మయ్య ఇంటికి వెళ్లింది. ఇద్దరూ వాకిట్లోనే మాట్లాడుకున్నారు, అందుకే ఊరందరికీ వినిపించింది.

"మరిదీ, నీ చేన్ల ఎంత ఎల్తది?"

"ఏమెల్తది వదినె? ముక్కాలు పురుగే తిన్నది. ఉన్నది నల్లగ, మచ్చలు మచ్చలు. ఏరవోతె సేతులు మంట వెడుతున్నయి. దాన్ని సూస్తె నాకే కాలవెట్ట బుద్ధయితున్నది."

"కాలవెడుదాం మరి."

సమ్మయ్య ఆమె ముఖం చూశాడు.

"నా పత్తి నీ చేన్లకు వస్తది, నీది నా చేన్లకు పోతది" అంది ఓదెమ్మ. "నీ పేరు మీద అమ్ము. సగం నీది, సగం నాది."

"గవర్మెంటుకు ఎర్కయితె?"

"గవర్మెంటుకు అంతా ఎర్కనే. రాసుకోలేదు, గంతే."

ఆ మూడు రోజులూ పట్టపగలే పని జరిగింది. ఇరవై మంది ఆడవాళ్లు నడుముకు గుడ్డ ఒడి కట్టుకుని ఓదెమ్మ చేనులో వరసగా పత్తి తీశారు. నిండిన ఒడులు గెట్టు అవతల కుమ్మరించారు. సమ్మయ్య చేనులో మిగిలిన మచ్చల పత్తి, పురుగు తొలిచిన కాయలు ఇవతలికి వచ్చాయి. మందు కొట్టిన చేనులోంచి దూది పోగు కూడా బయటికి పోనివ్వొద్దని రాజలింగాన్ని మళ్లీ కాపలా పెట్టారు. అతను సమ్మయ్య గెట్టు మీద కూర్చుని మచ్చల పత్తి ఒక్క గుప్పెడైనా బాటకు పోకుండా చూశాడు.

"అటు సూడవేంది రాజలింగం?" అని అడిగారు ఆడవాళ్లు తెల్ల పత్తి మోసుకుపోతూ.

"మందు కొట్టింది నేను. ఏ చేన్ల కొట్టిన్నో నాకు ఎర్కలేదా?" అన్నాడతను.

మంగళవారం సమ్మయ్య ట్రాలీ మార్కెట్టుకు వెళ్లింది. పైన పరదా కప్పినా తెలుపు దాగలేదు.

బుధవారం అధ్యక్షులు, డాక్టరు గారు కారు దిగారు. ఓదెమ్మ చేను నడుమ కుప్ప ఉంది. నల్లబారిన దూది, తూట్లు పడ్డ కాయలు, వాటిలో ఇంకా కదులుతున్న పురుగులు. అధ్యక్షులు కర్రతో కుప్పను కదిపి వెనక్కి జరిగారు.

"ఇదేనా, నేను ఆ రోజు చూసిన పత్తి?"

డాక్టరు గారు కుప్పను చూశారు. గెట్టు అవతల దులిపినట్టున్న సమ్మయ్య చేనును చూశారు. ఓదెమ్మను, సమ్మయ్యను, రాజలింగాన్ని వరసగా చూశారు. ముగ్గురూ ఆయననే చూస్తున్నారు. పత్తి మారిందని చెప్పాలంటే ముందు బోర్డు మారిందని చెప్పాలి. ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"అదే సార్. కోసి కుప్ప పోస్తే నాణ్యత కొంత తగ్గుతుంది."

"పురుగులు కూడా ఉన్నాయే?"

"అవి... తర్వాత చేరినవి సార్."

అధ్యక్షులు గడియారం చూసుకుని కానివ్వమన్నారు. రాజలింగం అగ్గిపుల్ల గీశాడు. మందు తాగిన పత్తి ముందు నీలంగా, తర్వాత పచ్చగా మండింది. ఘాటు వాసనకు అధికారులు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. ఓదెమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే చివరి కాయ కాలేదాకా అక్కడే నిలబడింది.

అధ్యక్షులు ఫైలులోంచి ఒక కాగితం తీసి పైకి చదివారు. "'మందు కొట్టిన చేనులో పండిన పత్తి యావత్తూ మా సమక్షంలో తగలబెట్టడమైనది.' రైతు ఇక్కడ సంతకం పెట్టాలి."

ఓదెమ్మ ఆ వాక్యాన్ని మళ్లీ చదవమంది. ఆయన చదివారు.

"ఇన్నొద్దుల సంది ఎన్నో కాయితాలు సూసిన సారూ" అంది. "గిదొక్కటే నిజం రాసిండ్రు. ఏడ వెట్టాలె?"

వంకర అక్షరాలతో పేరు రాసి కాగితం డాక్టరు గారికి ఇచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. ఎక్కడైనా తప్పుంటే దిద్దాలని చూశారు. ఏమీ దొరక్క కింద సంతకం చేశారు.